ఐబీఎస్: రిపోర్టులన్నీ బాగున్నా కడుపు బాగుండనప్పుడు

పేగులకు సంబంధించిన ఉత్తరాలు ఈ శీర్షికకు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి గాని, ఈసారి వచ్చినవాటిలో చాలావరకు ఒకే జబ్బు చుట్టూ తిరుగుతున్నందున ఈ సంచికలో జవాబులన్నీ దానికే కేటాయిస్తున్నాను. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని వైద్యులు రాసే, ఐబీఎస్ అని అందరూ పిలిచే ఈ ఇబ్బంది ఇద్దరిలో ఒకేలా ఉండదు. ఒకరిని రోజుకు ఆరుసార్లు మరుగుదొడ్డికి పరుగెత్తించే జబ్బే మరొకరిని నాలుగు రోజులైనా అటువైపు వెళ్లనివ్వదు. పేరు ఒకటే కదా అని ఒకరికి పనిచేసిన మందును మరొకరు వాడి, ఉన్న బాధను పెంచుకున్నామని రాసినవారే ఎక్కువమంది. కనుక మీది ఏ రకమో ముందు తేల్చుకొని, కింది జవాబుల్లో మీకు వర్తించేదాన్ని మాత్రమే తీసుకోండి.

ప్రశ్న: నా వయసు 29. రెండేళ్లుగా పొద్దున లేవగానే కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వస్తుంది. వరుసగా మూడు నాలుగుసార్లు విరేచనానికి వెళ్లాల్సి వస్తుంది, వెళ్లి వచ్చాక కాస్త తెరిపిగా ఉంటుంది. బయటికి బయలుదేరే ముందు తప్పనిసరిగా ఇంకోసారి. రక్తపరీక్షలు, స్కానింగు, కొలనోస్కోపీ అన్నీ నార్మల్ అన్నారు. డాక్టరు ఏమీ లేదంటారు, ఇంట్లోవాళ్లు అంతా నీ మనసులోనే ఉందంటారు. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎక్కడిది?

జవాబు: మీ నొప్పి నిజమైనదే. మీ పరీక్షలు కూడా తప్పు కాదు. స్కానింగు, కొలనోస్కోపీ పేగు ఆకారాన్ని చూపిస్తాయి. పుండు, వాపు, గడ్డ, ఇరుకు ఏదైనా ఉంటే పట్టుకుంటాయి. పేగు ఎంత వేగంగా కదులుతున్నదో, దాని నరాలు ఎంత తొందరగా నొప్పిని పుట్టిస్తున్నాయో వాటిలో కనిపించదు. ఐబీఎస్‌లో చెడేది సరిగ్గా ఆ రెండూనే. పరిశోధకులు పెద్దపేగు చివరి భాగంలో చిన్న బెలూనును ఉంచి, కొద్దికొద్దిగా గాలి ఎక్కిస్తూ గమనించినప్పుడు, ఆరోగ్యవంతులకు కాస్త నిండుగా మాత్రమే అనిపించే దశలోనే ఐబీఎస్ ఉన్నవారిలో చాలామందికి నొప్పి మొదలైంది. అందరి కడుపులోనూ తయారయ్యే గ్యాసే, అందరి పేగులోనూ కదిలే ఆహారమే మీకు మాత్రం బాధగా తెలుస్తున్నది.

పేగు గోడల్లో కోట్ల కొద్దీ నాడీకణాలు ఉన్నాయి, అవి మెదడుతో క్షణక్షణం మాట్లాడుతూనే ఉంటాయి. నాడీకణాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనంలో 90 శాతానికి పైగా పేగులోనే తయారవుతుంది. కనుక ఆందోళన వస్తే పేగు వేగం మారడం, పేగు బాగుండకపోతే ఆందోళన పెరగడం రెండూ సహజమే. ‘మనసులోనే ఉంది’ అన్నవారు ఈ రాకపోకల్లో ఒక వైపును మాత్రమే చూశారు. ఒక సంగతి గుర్తు చేసుకోండి: ఈ బాధ మొదలయ్యే ముందు మీకు జ్వరంతోనో వాంతులతోనో కూడిన విరేచనాలు ఎప్పుడైనా పట్టుకున్నాయా? అలాంటి ఇన్‌ఫెక్షన్ తగ్గిన తరువాత సుమారు పదిమందిలో ఒకరికి ఐబీఎస్ మిగిలిపోతుంది. క్రిములు వెళ్లిపోతాయి, నరాల అతిసున్నితత్వం మాత్రం నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

‘ఏమీ లేదు’ అనడం కన్నా మీ డాక్టరు ‘ఇది ఐబీఎస్’ అని పేరు పెట్టి చెప్పి ఉంటే బాగుండేది. దీన్ని గుర్తించడానికి 2016లో ఖరారైన రోమ్ 4 ప్రమాణాలు ఉన్నాయి. గడచిన మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మల విసర్జనతో సంబంధం ఉండడం, విసర్జన ఎన్నిసార్లన్నది మారడం, మలం రూపం మారడం అనే మూడింటిలో కనీసం రెండు ఉండాలి. లక్షణాలు మొదలై ఆరు నెలలైనా గడచి ఉండాలి. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే మీది విరేచనాలు ప్రధానంగా ఉండే రకం. ఈ రకంలో రక్తహీనత పరీక్షతోపాటు గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం వల్ల వచ్చే సీలియాక్ వ్యాధి పరీక్ష, పేగు వాపును పట్టించే కాల్‌ప్రొటెక్టిన్ అనే మలపరీక్ష కూడా జరిగి ఉండాలి. మీ పాత కాగితాల్లో అవి ఉన్నాయో లేదో చూసుకోండి. ఉంటే ఇక ఏటేటా కొలనోస్కోపీ చేయించుకోవలసిన పని లేదు. నార్మల్ అన్న మాట మళ్లీ మళ్లీ వినడం వల్ల కలిగే ధైర్యం ఎక్కువ రోజులు నిలవదు.

పొద్దునే ఎందుకంటారా? నిద్ర లేవగానే, ఏదైనా తిన్న తరువాత పెద్దపేగు బలంగా ముడుచుకోవడం అందరిలోనూ ఉండే సహజ ప్రతిచర్య. మీలో అది హద్దు మీరుతున్నది. పరగడుపున కాఫీ తాగే అలవాటు ఉంటే దాన్ని కొన్నాళ్లు మానండి. అర్ధగంట ముందు లేవండి. హడావుడిలో వెళ్లి రావడం కన్నా తీరికగా ఒకేసారి వెళ్లగలగడం వల్ల ఆ నాలుగు మార్లు తగ్గవచ్చు. తప్పనిసరి ప్రయాణం ఉన్న రోజున లోపెరమైడ్ మాత్ర ముందుగా వేసుకోవచ్చు గాని, అది విరేచనాన్ని ఆపుతుందే తప్ప నొప్పిని తగ్గించదు. నొప్పికి మెబెవెరిన్ వంటి పేగు సడలింపు మందులు, లేదా పేగులోకి చేరాకే కరిగే పిప్పర్‌మెంట్ నూనె క్యాప్సూళ్లు భోజనానికి ముందు వాడతారు. పిప్పర్‌మెంట్ వల్ల కొందరికి గుండెల్లో మంట వస్తుంది. వీటితో లొంగనివారికి రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్‌ను రెండు వారాలపాటు ఇస్తారు, అయితే అది డాక్టరు నిర్ణయించవలసిన విషయం. పిత్తాశయం తీయించుకున్న తరువాత ఇలాంటి విరేచనాలు మొదలైనవారు ఆ సంగతిని డాక్టరుకు తప్పక చెప్పాలి. అక్కడ కారణం పైత్యరసం కావచ్చు, దానికి మందు వేరు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఇదివరకు కడుపు బాధలేవీ ఎరుగను. నాలుగు నెలలుగా పొట్ట ఉబ్బరం, కొంచెం తినగానే నిండిపోయినట్లు ఉండడం, అప్పుడప్పుడు మలబద్ధకం. ఐబీఎస్ అయి ఉంటుందని, ఆయుర్వేద చూర్ణం వాడమని తెలిసినవారు చెప్పారు. ఏ చూర్ణం మంచిది?

జవాబు: అమ్మా, మీకు ఏ చూర్ణమూ చెప్పను. ఐబీఎస్ సాధారణంగా యవ్వనంలోనో నడివయసు తొలినాళ్లలోనో మొదలవుతుంది. 50 దాటాక మొదటిసారి వచ్చిన ఉబ్బరాన్ని, ముఖ్యంగా అది రోజూ ఉంటూ, కొంచెం తినగానే కడుపు నిండినట్లు అనిపిస్తుంటే, పరీక్షలు లేకుండా ఐబీఎస్ అనుకోకూడదు. స్త్రీలలో అండాశయ క్యాన్సర్ కూడా తొలి దశలో అచ్చంగా ఇలాగే, గ్యాస్ లాగే కనిపిస్తుంది. మీకు అదే ఉందని చెప్పడం లేదు, చాలామందిలో ఉండదు కూడా. కాని పొట్ట, కటి భాగాల అల్ట్రాసౌండ్, సీఏ 125 రక్తపరీక్ష చేయించుకొని అది లేదని తేల్చుకోవడానికి ఒక్క పూట చాలు. పెద్దపేగు పరీక్ష కూడా అవసరమవుతుందో లేదో డాక్టరు చూసి చెబుతారు. ఈ వారంలోనే వెళ్లండి.

ఇదే సందర్భంలో ఏ వయసువారికైనా వర్తించే మాట ఒకటి చెప్పాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, దగ్గరి బంధువుల్లో పెద్దపేగు క్యాన్సర్ గాని పేగు వాపు వ్యాధి గాని ఉండడం, ఇవి ఐబీఎస్ ఖాతాలో వేయదగినవి కావు. ఐబీఎస్ పేగు చాలావరకు మనిషితోపాటే నిద్రపోతుంది. అర్ధరాత్రి నిద్రలోంచి లేచి మరుగుదొడ్డికి పరుగెత్తవలసి వస్తున్నదంటే వేరే కారణం వెదకాలి.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. కొన్నాళ్లు విరేచనాలు, కొన్నాళ్లు మలబద్ధకం, మధ్యలో జిగట. ఆయుర్వేదంలో దీన్ని గ్రహణి అంటారని, మూలం నుంచి నయమవుతుందని చదివాను. మజ్జిగ, మారేడు, హింగ్వాష్టక చూర్ణం, పర్పటి అని ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు. దేన్ని నమ్మాలి?

జవాబు: గ్రహణి, ఐబీఎస్ రెండూ చాలావరకు కలిసే ప్రాంతాలే గాని ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. పూర్వ వైద్యుడి దగ్గర కొలనోస్కోపీ లేదు. కనుక ఇవాళ మనం పేగు వాపు వ్యాధి, సీలియాక్ వ్యాధి, అమీబా సంబంధమైన దీర్ఘకాల విరేచనాలు అని విడివిడిగా చెప్పుకొనేవాటిలో కొన్ని కూడా గ్రహణి కిందికే వచ్చి ఉంటాయి. ఆయుర్వేద మందు మొదలుపెట్టేవారు కూడా ముందు ఆధునిక పరీక్షలు చేయించుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే. మంచి ఆయుర్వేద వైద్యులు తామే ఆ రిపోర్టులు అడుగుతారు.

ఆ మాట అటుంచితే, చరక సంహిత చికిత్సాస్థానంలో 15వ అధ్యాయంగా ఉన్న గ్రహణీ చికిత్సను చదివితే, మీ ఉత్తరం చూసి రాసినట్లే ఉంటుంది. నాభికి పైన ఉండి, పచనం కాని ఆహారాన్ని పట్టి ఉంచి, పచనమైనదాన్ని కిందికి విడిచే స్థానం గ్రహణి అనీ, అగ్ని, అంటే జీర్ణశక్తి, మందగించినప్పుడు అది ఆహారాన్ని పచ్చిగానే వదిలేస్తుందనీ చరకుడు చెబుతాడు. వాత ప్రధానమైన గ్రహణిలో మలం ఆలస్యంగా, కష్టంగా, ఒకసారి ద్రవంగా, ఒకసారి ఎండినట్లుగా, శబ్దంతో, నురగతో మాటిమాటికీ వస్తుందని వర్ణించాడు. అక్కడే ఇంకో మాట ఉంది: ఆ రోగి తనకు వాతగుల్మమో (కడుపులో గడ్డ), గుండెజబ్బో, ప్లీహరోగమో ఉందేమోనని శంకిస్తూ ఉంటాడట. ఒక డాక్టరు తరువాత ఇంకొక డాక్టరు దగ్గరికి తిరిగే నేటి రోగి మనస్తత్వాన్ని అంత పొదుపుగా పట్టుకున్న వాక్యాన్ని నేను వేరే చోట చూడలేదు. విమానస్థానంలో, మితంగా తిన్న మంచి ఆహారం కూడా చింత, శోకం, భయం, కోపం, నిద్రలేమి ఉంటే జీర్ణం కాదని చెప్పినదీ ఆ గ్రంథమే. అతిసారం తగ్గాక అగ్ని ఇంకా బలహీనంగా ఉన్న సమయంలో పడని ఆహారం తినేవారికి గ్రహణి వస్తుందని సుశ్రుతుడు అన్నాడు. ఇన్‌ఫెక్షన్ తరువాత మిగిలే ఐబీఎస్ గురించి పైన మొదటి జవాబులో చెప్పినదానికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి.

ఇక మీరు అడిగిన మందులు. మారేడు కాయ విషయంలో చాలామంది ఒక్క తేడాను మరచిపోతారు. విరేచనాలను కట్టడి చేసేది పచ్చి కాయ, అంటే పక్వానికి రాని కాయలోని గుజ్జు. పండినది తేలికగా అరగదని ఆయుర్వేదమే చెబుతుంది. కొడిశపాల పట్ట, తుంగముస్తలు కూడా పచ్చి మారేడు కోవలోనివే. ఇవన్నీ విరేచనాల రకానికి. మీకు మలబద్ధకం నడుస్తున్న వారంలో వీటిని వేసుకుంటే ఉబ్బరం, నొప్పి రెట్టింపవుతాయి. ఇంగువ, శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, రెండు రకాల జీలకర్ర, సైంధవ లవణం కలిసిన హింగ్వాష్టక చూర్ణం ఉబ్బరానికి, తిన్నది అరగనట్లు ఉండడానికి మంచిది. నెయ్యితో కలిపి మొదటి ముద్దలో తినడం దాని శాస్త్రోక్త పద్ధతి. కడుపులో మంట, పుండు ఉన్నవారికి ఇది పడదు, రక్తపోటు ఉన్నవారు అందులోని ఉప్పును లెక్కలోకి తీసుకోవాలి. గోధుమ పడనివారు ఇంకొకటి చూడాలి: బజారులో దొరికే ఇంగువలో చాలావరకు పిండి కలిపి ఉంటుంది, అది గోధుమ పిండి కూడా కావచ్చు.

మజ్జిగను గ్రహణిలో ఔషధంగానే చరకుడు పొగిడాడు. ఆకలి పుట్టిస్తుంది, మలాన్ని కడుతుంది, తేలికగా అరుగుతుంది అని మూడు గుణాలు చెప్పాడు. అప్పుడే చిలికినదై, పులియనిదై, వెన్న తీసినదై ఉండాలి. మధ్యాహ్న భోజనంతో ఒక గ్లాసుడు, కొంచెం వేయించిన జీలకర్ర పొడితో మొదలుపెట్టి చూడండి. పాలు పడనివారికి మజ్జిగలో మిగిలే లాక్టోజ్ అనే పాల చక్కెర కూడా ఇబ్బంది పెట్టవచ్చు గనుక వారం రోజుల్లో కడుపు ఏమంటుందో గమనించాలి.

పర్పటి సంగతి వేరు. పర్పటులు పాదరసం, గంధకం కలిపి చేసే రస ఔషధాలు. పంచామృత పర్పటిలో వాటితోపాటు ఇనుము, అభ్రకం, రాగి కూడా ఉంటాయి. శోధన, అంటే శుద్ధి, సరిగా జరగనిది, మోతాదు మీరినది, ఎక్కువ కాలం వాడినది మూత్రపిండాలకు, నరాలకు హాని చేస్తుంది. ప్రాణం తీయని ఐబీఎస్ కోసం ఆ ప్రమాదం తెచ్చుకోవలసిన పని లేదన్నది నా అభిప్రాయం. గర్భిణులు, పిల్లలు దాని జోలికే వెళ్లకూడదు. పదార్థాల జాబితా లేకుండా పొట్లం కట్టి ఇచ్చే ఏ పొడినైనా అదే అనుమానంతో చూడండి.

‘మూలం నుంచి నయం’ అన్న మాటకు వస్తే, ఆ మాట నేను చెప్పలేను. 1989లో భారతీయ వైద్య పరిశోధన పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మారేడు, బ్రాహ్మి కలిసిన ఆయుర్వేద మందును అప్పటి ఆధునిక మందులతోనూ, మందు లేని ఉత్తుత్తి మాత్రలతోనూ పోల్చి చూశారు. ఆయుర్వేద మందుతో సుమారు 65 శాతం మందికి, ఆధునిక మందులతో 78 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రలతో 33 శాతం మందికి గుణం కనిపించింది. విరేచనాల రకంలో ఆయుర్వేద మందు బాగా పనిచేసింది, నొప్పి ఎక్కువగా ఉన్నవారికి ఆధునిక మందులు మేలనిపించాయి. అయితే ఆరు నెలలు దాటి గమనించినప్పుడు, జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో రెండు మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా తేలలేదు. ఆ మూడో అంకెను మరోసారి చూడండి. మందు లేని మాత్రతోనే ముగ్గురిలో ఒకరు కుదుటపడే జబ్బులో, ‘నాకు తగ్గింది, నువ్వూ వాడు’ అనే సలహాకు ఎంత విలువ ఇవ్వాలో మీకే తెలుస్తుంది.

మీది మారుతూ ఉండే రకం గనుక నేనైతే మందుల కన్నా ముందు వేళలను సరిచేయమంటాను. ఆయుర్వేదం ఈ విషయంలో చాలా గట్టిగా చెబుతుంది: వేళ తప్పి తినడం, ముందు తిన్నది అరగకముందే మళ్లీ తినడం, వచ్చిన మలమూత్ర వేగాన్ని ఆపుకోవడం, రాత్రి మేలుకోవడం అగ్నిని చెడగొడతాయి. నాలుగు వారాలు ఒకే వేళకు తిని, ఒకే వేళకు పడుకొని చూడండి. విరేచనం పలచగా ఉన్నదో గట్టిగా ఉన్నదో, నొప్పి ఎంత ఉన్నదో, ఆ రోజు నిద్ర ఎలా పట్టిందో రోజుకు ఒక వరుస రాసి ఉంచుకోండి. ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చూపించండి.

ప్రశ్న: 34 ఏళ్ల గృహిణిని. గోధుమ పడదని మానేశాను, తరువాత పాలు, పప్పులు, ఉల్లి, వెల్లుల్లి, పండ్లు ఒక్కొక్కటే మానేశాను. ఇప్పుడు అన్నం, రెండు మూడు కూరగాయలు తప్ప ఏమీ తినడం లేదు. ఉబ్బరం తగ్గింది, ఆరు కిలోలు కూడా తగ్గాను. ఇలాగే కొనసాగించవచ్చా?

జవాబు: కొనసాగించవద్దు. మీరు మానినవన్నీ ఊహించి మానినవి కావు. ఫాడ్‌మ్యాప్ అనే ఆహార పద్ధతిలో మొదటి మెట్టును మీకు తెలియకుండానే ఎక్కి, అక్కడే ఆగిపోయారు. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన ఈ పద్ధతి వెనుక ఉన్న సూత్రం ఇది: కొన్ని రకాల పిండిపదార్థాలు చిన్నపేగులో సరిగా ఇంకవు. అవి నీటిని తమవైపు లాక్కొని, పెద్దపేగులోకి దిగి, అక్కడి బాక్టీరియా వల్ల పులిసి గ్యాస్ అవుతాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుధాన్యాలు, పాలు, యాపిల్, మామిడి, పుచ్చకాయ, తేనె, కాలీఫ్లవర్ ఈ జాబితాలో ముందుంటాయి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వాడే సార్బిటాల్ కూడా అంతే.

ఈ పద్ధతిలో మూడు మెట్లు ఉన్నాయి. నాలుగు నుంచి ఆరు వారాలు వీటిని తగ్గించడం మొదటిది. ఒక్కొక్కదాన్ని తిరిగి పరీక్షించడం రెండోది, అసలు ఫలితం దాంట్లోనే ఉంటుంది. పడినవన్నీ మళ్లీ తింటూ, పడనివాటిని మాత్రమే మితం చేసుకోవడం మూడోది. మొదటి మెట్టు మీదే ఏళ్ల తరబడి ఉంటే పేగులోని మేలుచేసే బాక్టీరియా తగ్గిపోతుంది, క్యాల్షియం, పీచు కొరవడతాయి, తినడమంటేనే భయం పట్టుకుంటుంది. మీరు పాలతో మొదలుపెట్టండి. మొదటి రోజు పావు గ్లాసు, రెండో రోజు అర గ్లాసు, మూడో రోజు గ్లాసుడు, ఆ మూడు రోజులూ కొత్తది ఇంకేదీ వద్దు. ఏమీ కాకపోతే పాలు మీ శత్రువు కాదు. రెండు మూడు రోజులు ఆగి గోధుమ, ఆ తరువాత పప్పు, ఇలా ముందుకు సాగండి. పప్పుధాన్యాలను ముందురోజే నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో ఉడికిస్తే గ్యాస్ పుట్టించే చక్కెరలు కొంత తగ్గుతాయి.

ఉల్లి, వెల్లుల్లి లేని కూర చప్పగా ఉంటుందని బాధపడేవారికి ఒక కిటుకు. వాటిలో ఇబ్బంది పెట్టే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు నీటిలో కరుగుతాయి గాని నూనెలో కరగవు. వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి, రెబ్బలన్నీ తీసివేసి, నీరు తగలకముందే ఆ నూనెతో పోపు పెట్టుకుంటే వాసన, రుచి మిగులుతాయి, ఫ్రక్టాన్లు రావు. పులుసులో వేసి ఉడికించి తరువాత ముక్కలు తీసివేస్తే మాత్రం లాభం లేదు, అప్పటికే అవి రసంలోకి దిగిపోయి ఉంటాయి.

మీరు ఆరు కిలోలు తగ్గారు గనుక ఒకసారి డాక్టరుకు చూపించుకొని, వీలైతే డైటీషియన్ పర్యవేక్షణలో ఇదంతా చేయండి. సీలియాక్ పరీక్ష చేయించుకోవలసి వస్తే దానికి ముందు కొన్ని వారాలపాటు గోధుమ తింటూ ఉండాలి, లేకపోతే జబ్బు ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు.

ప్రశ్న: మలబద్ధకంతో కూడిన ఐబీఎస్ అన్నారు. పీచు తినమంటే గోధుమ తవుడు తిన్నాను, కడుపు డోలులా అయింది. రాత్రిపూట సునాముఖి చూర్ణం వేసుకుంటే తప్ప పొద్దున వెళ్లలేకపోతున్నాను.

జవాబు: పీచులో రెండు జాతులు ఉన్నాయి. తవుడులో ఉండేది నీటిలో కరగనిది, అది ఐబీఎస్ పేగును గీరి నొప్పిని, గ్యాస్‌ను పెంచుతుంది. మీకు కావలసింది కరిగే పీచు, అంటే ఇసబ్‌గోల్. దాన్ని కూడా మొదటి రోజే రెండు చెంచాలు వేసుకుంటే మళ్లీ ఉబ్బరమే. అర చెంచాతో మొదలుపెట్టి, వారానికి అర చెంచా చొప్పున పెంచుతూ, ప్రతిసారీ పెద్ద గ్లాసుడు నీటితో, కలిపిన వెంటనే తాగేయండి. మూడు నాలుగు వారాలు చూడకుండా పనిచేయలేదని తీర్పు చెప్పకండి.

సునాముఖి పేగును బలవంతంగా ముడుచుకునేలా చేస్తుంది గనుక నొప్పి ఉన్న ఐబీఎస్‌లో రోజూ వాడదగినది కాదు. దాని బదులు నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరిచే పాలీఎథిలీన్ గ్లైకాల్ పొడిని డాక్టర్లు ఇస్తారు. లాక్టులోజ్ కొందరిలో గ్యాస్‌ను పెంచుతుంది. ఆయుర్వేదం వైపు మొగ్గేవారికి రాత్రిపూట కొద్ది మోతాదులో త్రిఫల చూర్ణం సునాముఖి కన్నా సౌమ్యమైనది, కాని విరేచనాలు మొదలైన రోజున దాన్ని ఆపేయాలి. కమోడ్ వాడేవారు పాదాల కింద చిన్న పీట వేసుకొని మోకాళ్లు నడుము కన్నా ఎత్తులో ఉండేలా కూర్చోండి. ఎంత ముక్కినా రాదు, వచ్చినా ఇంకా మిగిలినట్లే ఉంటుంది అనేవారిలో కొందరికి లోపం పేగులో కాదు, విసర్జన వేళ సడలవలసిన కటి కండరాలు బిగుసుకుపోవడంలో ఉంటుంది. దానికి మందు కన్నా బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: కడుపునొప్పికని వెళితే గ్యాస్ట్రో డాక్టరు డిప్రెషన్ మాత్ర రాశారు. నాకు డిప్రెషన్ లేదు. వేసుకోవాలా?

జవాబు: అది అమిట్రిప్టిలిన్ అయి ఉంటే సందేహించకుండా వేసుకోవచ్చు. డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదులో చిన్న భాగమే, రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరమైతే 30 వరకు పెంచుతారు. ఆ మోతాదులో అది పేగు నుంచి మెదడుకు వెళ్లే నొప్పి సంకేతాలను తగ్గిస్తుంది. 2023లో ఇంగ్లండులో 463 మందిపై ఆరు నెలలపాటు జరిపిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర కన్నా ఇది స్పష్టంగా మెరుగని తేలింది. నోరు ఎండడం, పొద్దున మగతగా ఉండడం మొదటి వారాల్లో మామూలే. మలబద్ధకాన్ని కొంత పెంచుతుంది గనుక విరేచనాల రకానికి ఇది మరింత అనువైనది. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టరుకు చెప్పకుండా ఉన్నట్టుండి ఆపకూడదు. గుండె లయ సమస్య, గ్లకోమా అనే కంటి జబ్బు, మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి.

మాత్ర వద్దనుకునేవారికి ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, పేగును ఉద్దేశించిన హిప్నోథెరపీ ఉన్నాయి. రెండోదానికి మాంచెస్టర్‌లో 1984 నుంచే పరీక్షల ఆధారం ఉంది. నడక, యోగాసనాలు, పొట్ట కదిలేలా నెమ్మదిగా తీసే శ్వాస కూడా ఉపకరిస్తాయి.

ప్రశ్న: అల్లోపతి మాత్రలు, ఆయుర్వేద చూర్ణం, ఇసబ్‌గోల్ మూడూ వాడుతున్నాను. కలిపి వేసుకోవచ్చా? దీర్ఘకాలం ఉంటే ఇది క్యాన్సర్‌గా మారుతుందా?

జవాబు: మారదు. ఐబీఎస్ క్యాన్సర్‌గా గాని పేగు పూతగా గాని మారదు, ఆయుష్షును తగ్గించదు. మందుల విషయంలో, వేసుకునేవాటన్నిటి పేర్లూ ఇద్దరు వైద్యులకూ చెప్పండి, ఒకరికి చెప్పి మరొకరి దగ్గర దాచవద్దు. ఒకే వారంలో రెండు కొత్త మందులు మొదలుపెట్టవద్దు, ఏది పనిచేసిందో, ఏది చెరుపు చేసిందో తేలదు. తిప్పతీగ, అశ్వగంధ, పసుపు సారం క్యాప్సూళ్లు వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి కనుక, వాటిలో ఏదైనా మీ చూర్ణంలో ఉండి, కళ్లు పచ్చబడడమో మూత్రం ముదురు రంగులో రావడమో కనిపిస్తే వెంటనే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోండి. ఇసబ్‌గోల్ జిగురు ఇతర మందులను తనలో పట్టుకొని ఒంటికి సరిగా అందనివ్వదు. మిగతా మాత్రలు వేసుకున్నాక గంట ఆగి, లేదా మాత్రలకు రెండు గంటల ముందే దాన్ని తాగండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు ఈ ఎడాన్ని నాలుగు గంటలు చేసుకోవాలి. వారికి తేలికైన మార్గం, మాత్రను పొద్దున పరగడుపున, ఇసబ్‌గోల్‌ను సాయంత్రం తీసుకోవడం.